క్లాసు, ఆబ్జెక్టు

పొదుపు ఖాతా పుస్తకము మనలో అనేకుల యిండ్లలో కలదు. అందలి నిలువను ఒకప్పుడు గుమాస్తా చిట్టాలో వ్రాసి కాపాడెడివాడు. నేడు ఆ పని కంప్యూటరు ప్రోగ్రాము చేయుచున్నది. అట్టి ప్రోగ్రాములను వ్రాయు పద్ధతులలో మిక్కిలి వ్యాప్తి గాంచిన యొకదానికి మూలమైన క్లాసు, ఆబ్జెక్టు అను రెండు భావములను గూర్చి యిపుడు విచారింతము.

జాతి వేరు, వ్యక్తి వేరు అని మన తార్కికులు చెప్పుదురు. కుండలు వేయి యుండవచ్చును, కాని కుండతనము ఒక్కటియే. అయినను నీరు తెచ్చుటకు కుండ కావలెను గాని కుండతనము పనికిరాదు. క్లాసు జాతి వంటిది, ఆబ్జెక్టు వ్యక్తి వంటిది. పొదుపు ఖాతా యనగా నేమి యను ప్రశ్నకు సమాధానము క్లాసు. రామయ్యగారి ఖాతా, సీతమ్మగారి ఖాతా అనునవి ఆబ్జెక్టులు.

ఈ భావమును ప్రోగ్రాము రచనలో ప్రవేశపెట్టినవారు నార్వే దేశీయులైన ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అను నిరువురు. రేవునకు వచ్చు ఓడల వంటివాని రాకపోకలను యంత్రములో అనుకరించుటకు వారు ఓస్లో నగరమున సిమ్యులా యను భాషను నిర్మించిరి. 1967లో వెలువడిన దాని రూపమున క్లాసులు, ఆబ్జెక్టులు స్పష్టముగా నేర్పడెను. పిమ్మట స్మాల్‌టాక్, సి ప్లస్ ప్లస్, జావా మున్నగు భాషలు ఆ మార్గమునే విస్తరింపజేసెను. 2001వ సంవత్సరపు ట్యూరింగు బహుమానము వారిరువురికిని లభించెను.

క్లాసులో రెండు విధములైన సంగతులు వ్రాయబడును. ప్రతి ఖాతాయు జ్ఞాపకముంచుకొనవలసిన పేరు, సంఖ్య, నిలువ మొదటి విధము. జమ కట్టుట, సొమ్ము చెల్లించుట, నిలువ తెలుపుట అను పనులు రెండవ విధము, వీనిని మెథడులందురు. క్లాసు వ్రాసినంతమాత్రమున ఒక్క ఖాతాయు పుట్టదు. క్రొత్త ఖాతా కావలెనని ప్రోగ్రాము ఆజ్ఞాపించినపుడే యంత్రము తన స్మృతిలో దానికి చోటు కల్పించును. మెథడులు క్లాసులో ఒక్కమారే వ్రాయబడును. నిలువ మాత్రము ఏ ఖాతాది ఆ ఖాతాదే. సీతమ్మగారి ఖాతాలో 500 రూపాయలు జమ కట్టినచో రామయ్యగారి నిలువ మారదు. ఇరువురి నిలువయు 2,000 రూపాయలే యైనను ఖాతాలు రెండే గాని ఒకటి కావు.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. పెద్ద ప్రోగ్రాములో లక్షలాది పంక్తులుండును. నిలువను అందరికిని అందుబాటులో నుంచినచో ఏ మూలనున్న పంక్తియైనను దానిని మార్చవచ్చును. 2,000 రూపాయలున్న ఖాతానుండి 3,000 తీసివేసినను అడ్డగించువారుండరు. తప్పు జరిగిన పిదప, ఎవరు చేసిరో వెదకుట గడ్డివాములో సూదిని వెదకుట యగును. బియ్యపు గాదె తాళపుచెవి గృహిణి కొంగున నున్నప్పుడు బియ్యము కావలసినవారు ఆమెనే యడుగవలెను; కనుకనే లెక్క తప్పదు. అట్లే నిలువను ఆబ్జెక్టులోపల దాచి, మెథడుల ద్వారముననే దానిని ముట్టుకొననిత్తురు. సొమ్ము చెల్లించు మెథడు ముందుగా నిలువను పరీక్షించును, చాలనిచో నిరాకరించును.

అయితే తాళము వేసినంతనే సర్వము క్షేమమని తలపరాదు. పరీక్షించు నియమమే తప్పుగా వ్రాసినచో ఆ క్లాసునుండి పుట్టిన ప్రతి ఖాతాయు ఆ తప్పునే చేయును. కాని దిద్దవలసిన చోటును ఒక్కటియే యగుట యీ పద్ధతిలోని లాభము.

ఇంజనీరింగు చదువు పిల్లలు మన యిండ్లలో నేడెందరో కలరు. ప్రోగ్రాము వ్రాయబూనినపుడు వారు మొదట వేసికొనవలసిన ప్రశ్న యిది: ఇందు ఏయే వస్తువులు కలవు, ఏ లెక్కకు ఏది జవాబు చెప్పవలెను? దీనికి సమాధానము దొరకిన పిదపనే కలము పట్టుట మేలు.