నోబెల్ బహుమతులూ రాజకీయాలూ
(సూరత్‌లోని తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుండి వచ్చిన నేత కుటుంబాలు స్థిరపడిన ఈ నగరంలో నోబెల్ బహుమతుల ప్రసక్తి ఎందుకని మీకు తోచవచ్చును. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ పిడికెడు ఉప్పు ఎత్తిన దండి గ్రామం నాడు సూరత్ జిల్లాలోనిదే. 1928 నాటి బార్డోలీ సత్యాగ్రహం, 1938 నాటి హరిపురా కాంగ్రెసు ఈ జిల్లాలోనే జరిగినవి. అహింసకు ఇంతటి ప్రయోగశాల మరొకటి అరుదు. అయినను ఆ ప్రయోగకర్తకు శాంతి బహుమతి రాలేదు.

అదే 1930లో విజ్ఞాన బహుమతి మాత్రం మనకు వచ్చినది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ డిసెంబరులో స్టాక్‌హోములో దానిని స్వీకరించారు. స్వదేశానికంటూ పతాకం లేక, బ్రిటిషు పతాకం క్రింద కూర్చున్నందుకు ఆయన కంటతడి పెట్టినారని ప్రతీతి. ఆనాడు గాంధీజీ ఎరవాడ కారాగారంలో ఉన్నారు. కాంతికిరణానికి జాతి లేదు. బహుమతి పుచ్చుకొనేవాని ఆసనానికి మాత్రం ఉన్నది.

నాజీలు నిర్బంధించిన పత్రికారచయిత ఓసియెత్స్కీకి 1935వ సంవత్సరపు శాంతి బహుమతిని 1936లో ప్రకటించగా, జర్మనులెవ్వరూ ఇక నోబెల్ స్వీకరించరాదని హిట్లరు శాసించాడు. ఆ దండన కూన్, బ్యూటెనాంట్, డోమాక్ అనే శాస్త్రజ్ఞులపై పడినది. 1958లో సోవియట్ ప్రభుత్వం ముగ్గురు భౌతికశాస్త్రజ్ఞులను స్టాక్‌హోముకు సగౌరవంగా పంపినది. అదే ఏడు రచయిత పాస్టర్నాక్ చేత సాహిత్య బహుమతిని నిరాకరింపజేసినది.

ఇక గాంధీజీ సంగతి. శాంతి బహుమతిని నిర్ణయించేది నార్వే పార్లమెంటు ఎన్నుకొన్న ఐదుగురి సంఘం. అక్కడి పార్లమెంటు సభ్యుడు కోల్బ్యోర్న్‌సెన్ 1937, 1938, 1939లలో వరుసగా గాంధీజీ పేరు ప్రతిపాదించాడు. సంఘానికి సలహాదారైన వోర్మ్-ముల్లర్ ఆయన మహనీయతను ఒప్పుకొంటూనే, ఒకప్పుడు క్రీస్తువలె, మరొకప్పుడు సామాన్య రాజకీయవేత్తవలె కనబడుతారని ఆక్షేపించాడు. 1947లో పంత్, ఖేర్, మావలంకర్ ప్రతిపాదించినప్పుడు సంఘంలో ఇద్దరు అనుకూలురైనను దేశవిభజన నాటి రక్తపాతం అడ్డువచ్చినది. ఆ ఏటి బహుమతి క్వేకరు సంస్థలకు లభించినది.

బ్రిటను భయమే కారణమని మనవారు తరచుగా అంటారు. సంఘం పత్రాలలో అట్టి జాడ లేదు. నా దృష్టిలో ఇది మరింత ఆలోచింపదగినది: ఆజ్ఞాపించేవారు లేకుండానే వారి చూపు యూరపు ఎల్లలలో నిలిచిపోయినది. నా వృత్తి అనువాదం గనుక ఒక మాట: హిందీలోను తెలుగులోను ‘శాంతి’ ఒక్కటే, కాని మనం గ్రహాలకు సైతం శాంతి చేయిస్తాము. కొన్ని బహుమతులు ఆ కోవకు చెందినవేమో!

1948 జనవరి 30న గాంధీజీ హతులైనారు. ఆ ఏడు, జీవించియున్నవారిలో యోగ్యుడైన అభ్యర్థి లేడని చెప్పి సంఘం బహుమతిని ఎవరికీ ఇవ్వలేదు. 1989లో దలైలామాకు ఇచ్చినప్పుడు, అది కొంతవరకు గాంధీ స్మృతికి నివాళి అని అధ్యక్షుడు పలికినాడు. ఆ మాట విన్న దలైలామా అప్పటికే ముప్పది ఏండ్లుగా మన దేశంలో ఆశ్రితులు.