కెమెరా కొనే ముందు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికి కెమెరా కొనాలన్న తీర్మానం మీద రెండు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూ శాఖలో గుమాస్తాగా కొటేషన్లు పక్కపక్కన వేసి పట్టికలు రాసినవాణ్ణి. అయినా 2015లో సొంతానికి కెమెరా కొన్నప్పుడు పొరపాటు పడ్డాను. మా అబ్బాయి 2007లో కొన్న నికాన్ డి40 ఇంట్లో ఉండనే ఉంది. అది 6 మెగాపిక్సెల్. షాపులో చూసిన చిన్న కెమెరా 20. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. అరవై లక్షలెక్కడ, రెండు కోట్లెక్కడ అనుకొని కొనేశాను.

2022లో మా పెళ్లికి యాభై ఏళ్లు నిండాయి. సాయంత్రం హాల్లో వెలుతురు అంతంతమాత్రం. నా కెమెరాతో తీసిన ఫోటోల్లో మా ఆవిడ ముఖం మీద ఇసుక చల్లినట్లుంది. అదే వేదిక మీద, అదే వెలుతురులో మా తమ్ముడి కొడుకు పాత కెమెరాతో తీసిన ఫోటోలో ఆమె నవ్వు, చెంపన నెరిసిన వెంట్రుకలు కూడా స్పష్టంగా ఉన్నాయి.

కారణం తరువాత తెలిసింది. లెన్సు వెనుక వెలుతురు పట్టే పలకను సెన్సార్ అంటారు. చిన్న కెమెరాలో అది సుమారు 6 మి.మీ. పొడవు, నాలుగున్నర వెడల్పు. పాతదానిలో దాదాపు 24 పొడవు, 16 వెడల్పు. విస్తీర్ణంలో 13 రెట్లు. మా రెవెన్యూ లెక్కలో చెప్పాలంటే, ఒక సెంటు స్థలాన్ని 20 వాటాలు వేస్తే ఒక్కొక్కరికి ఏం దక్కుతుంది? 13 సెంట్లను 6 వాటాలు వేస్తే ఏం దక్కుతుంది? నలభై రెట్లకు పైగా తేడా. లెన్సు తెరిపి సమానమైతే ఒక్కొక్క చుక్కకు దక్కే వెలుతురూ అంతే. పట్టపగలు ఆరుబయట ఈ తేడా అంతగా కనపడదు. మన సభలు జరిగేది మాత్రం సాయంత్రాలు, హాళ్లలో.

మరి ఎన్ని చుక్కలు కావాలి? అంగుళానికి 300 చొప్పున, 4కు 6 అంగుళాల ఫోటోకు సుమారు 22 లక్షలు, ఏ4 కాగితమంత ఫోటోకు 87 లక్షలు చాలు. గ్రూపు ఫోటోలో ఒక్కరి ముఖం కత్తిరించి పెద్దది చేయాలంటే ఎక్కువ ఉండాలి, కాదనను. కానీ చుక్కలు రెట్టింపైనా ఫోటో పొడవు పెరిగేది ఒకటిన్నర రెట్ల లోపే.

కనుక నా మనవి ఒక్కటే. కొటేషన్ల పట్టికలో సెన్సార్ కొలత అనే గడి చేర్చండి. రెండు కెమెరాలతోను ఈ హాల్లోనే, ఈ లైట్ల కిందే ఒక్కో ఫోటో తీయించి, ప్రింటు వేయించి చూసి నిర్ణయించండి.

2024లో మా ఆవిడ స్వర్గస్థురాలైంది. గోడకు 8కి 12 అంగుళాల పటం కట్టించాలంటే పనికొచ్చింది ఆ 6 మెగాపిక్సెల్ ఫోటో ఒక్కటే. మనలో ఎవరి ఫోటో ఎప్పుడు ఎవరింటి గోడకు కావలసి వస్తుందో తెలియదు. సంఘం కెమెరా తీసే ఫోటో ఆ పనికి నిలవాలి.