నీడకు పరుగెత్తే ముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

'మీ రంగం గురించి ఓ పావుగంట మాట్లాడండి' అన్నారు నిర్వాహకులు. నాది బాయిలర్ల తయారీలో నాణ్యతా తనిఖీ. వెల్డింగు అతుకుల గురించి పావుగంట చెబితే భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోరు. అందుకని మా బ్యాచ్ మగవాళ్లలో చాలామందికి సొంత అనుభవం ఉన్న విషయం ఎంచుకున్నాను. బట్టతల.

నవ్వండి, ఫర్వాలేదు. పొద్దున రిజిస్ట్రేషను బల్ల దగ్గర మా టెన్త్ గ్రూపు ఫొటో పెట్టారు. ఆడపిల్లల్ని ఇట్టే పోల్చుకున్నాం. మగవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఎవరి పేరు వాళ్లే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఫొటోలో చెవుల మీదుగా జుట్టు పెంచుకుని నిలబడ్డవాణ్ణి నేనే. 'రేపటికి క్రాపు చేయించుకుని రాకపోతే బళ్లో అడుగుపెట్టకు' అని రోజూ తిట్టేవారు మా డ్రిల్లు మాస్టారు. మాస్టారూ, మీ మాట కాస్త ఆలస్యంగా పాటించాను.

తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు, భర్తృహరి సుభాషితాల్లో ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఒక పద్యం చెప్పారు. బట్టతలవాడొకడు ఎండకు తాళలేక పరుగెత్తి తాటిచెట్టు నీడకు చేరతాడు. పైనుంచి పండు పడి తల పగులుతుంది. దైవోపహతుడు ఎక్కడికి వెళ్లినా ఆపద వెంటే వస్తుందని తాత్పర్యం. మాస్టారిదీ బట్టతలే. మేమంతా నవ్వు ఆపుకోలేక తలలు దించుకుంటే ఆయనే ముందు తల నిమురుకుని నవ్వారు. అప్పుడుగాని మాకు ఊపిరాడలేదు. ఆ పద్యం నలభై ఏళ్ల తర్వాత మా ఇంట్లోనే మళ్లీ గుర్తొచ్చింది.

మా అబ్బాయికి ఇరవయ్యారేళ్లు. బెంగళూరులో ఉద్యోగం. ఇంటికొస్తే టోపీ తియ్యడం మానేశాడు. వాళ్ల పిన్ని కూతురి పెళ్లిలో ఫొటోలకు పిలిస్తే కనపడకుండా పోయాడు. సంబంధాలవాళ్లకు కాలేజీ నాటి ఫొటో పంపమన్నాడు. నేను నవ్వి, 'మగవాడికి జుట్టేమిట్రా, మీ తాతకి లేదు, నాకు లేదు, మాకు పెళ్లిళ్లు కాలేదా' అన్నాను. ధైర్యం చెప్పాననుకున్నాను. రెండు నెలలు వాడు నాతో ముభావంగా ఉన్నాడు.

కిందటేడు మే నెలలో ఒక వార్త వచ్చింది. కాన్పూర్‌లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న ఇద్దరు ఇంజినీర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దంతవైద్యం చదివిన వ్యక్తి మీద కేసు నమోదైంది. అది చదివిన వారంలోనే, మావాడు ఒక క్లినిక్‌కు అడ్వాన్సు కట్టేశాడని వాళ్లమ్మ చెప్పింది. చెయ్యబోయేది ఎవరు, చదువేమిటి, ఏదన్నా అయితే పక్కన ఆస్పత్రి ఉందా, వాడేమీ అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నవ్వి ఊరుకోకుండా కూర్చుని మాట్లాడి ఉంటే వాడు నాకు చెప్పే కట్టేవాడు కదా అనిపించింది. ఆ తర్వాతే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను.

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కోటి రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలుతుంది. రోజుకు యాభై నుంచి వంద రాలడం మామూలే. తిరుమల కల్యాణకట్టలో గుండు చేయించుకుంటే మళ్లీ జుట్టు ఎందుకొస్తుంది? కత్తి పైరునే కోస్తుంది, కుదురు భద్రంగా ఉంటుంది. బట్టతలలో ఆ కుదురే చిక్కిపోతుంది. మగ హార్మోను టెస్టోస్టెరాన్ శరీరంలో డీహెచ్‌టీగా మారుతుంది. నుదుటి పైన, నడినెత్తిన ఉన్న కుదుళ్లు కొందరిలో దానికి లొంగిపోతాయి. ప్రతి పంటకూ వెంట్రుక సన్నబడి, పొట్టిదై, చివరికి నూగుగా మిగులుతుంది. తల వెనకవైపు కుదుళ్లకు ఆ బాధ పెద్దగా లేదు. వాటిని తీసి ముందు నాటడమే ట్రాన్స్‌ప్లాంట్.

హెల్మెట్ వల్ల, ఊరి నీళ్ల వల్ల, షాంపూ వల్ల బట్టతల వస్తుందనడం బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమే. మేనమామ పోలిక అనే మాటలో కొంత నిజముంది, కీలకమైన జన్యువొకటి తల్లి వైపు నుంచే వస్తుంది. కానీ 2017లో బ్రిటన్‌లో 52 వేల మంది మగవాళ్ల వివరాలు పరిశీలిస్తే, దీనితో సంబంధమున్న జన్యు ప్రాంతాలు 287 తేలాయి. కాబట్టి మేనమామ ఒక్కణ్ణే తిట్టడం న్యాయం కాదు.

ఇప్పుడున్న మందులు ముఖ్యంగా రెండు. రెండూ పక్కదారిన వచ్చినవే. మినాక్సిడిల్ రక్తపోటు మాత్ర. వేసుకున్నవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు మొలవడం చూసి తలకు రాసే మందుగా మార్చారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఫినాస్టెరైడ్ కథ డొమినికన్ రిపబ్లిక్‌లో మొదలైంది. టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైము పుట్టుకతోనే లోపించిన కొందరి గురించి 1974లో ఒక పరిశోధన వెలువడింది. వాళ్లకు ప్రోస్టేట్ చిన్నగానే ఉండిపోయింది, బట్టతల రాలేదు. ఆ ఎంజైమును అడ్డుకునే మాత్ర ముందు ప్రోస్టేట్‌కు, 1997లో జుట్టుకు వచ్చింది.

ఈ రెండూ ఉన్నదాన్ని నిలబెట్టడంలో గట్టివి, పోయినదాన్ని తేవడంలో అంతంతమాత్రం. ఫలితం తెలియాలంటే నెలలు పడుతుంది. ఆపితే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. బాయిలర్‌కు నీటిశుద్ధి లాంటిది, ఒకసారి చేసి వదిలేసే పని కాదు. ఫినాస్టెరైడ్‌తో కొందరికి లైంగిక సమస్యలు, దిగులు రావచ్చు. ఆ మాత్రలతో ఆత్మహత్య ఆలోచనలు రావడాన్ని దుష్ప్రభావంగా 2025 మేలో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ నిపుణులు నిర్ధారించారు. మా వయసువాళ్లకు ఇంకో మాట. ఈ మాత్ర ప్రోస్టేట్ పరీక్షలోని పీఎస్‌ఏ అంకెను దాదాపు సగానికి తగ్గించి చూపిస్తుంది. వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇక రాబోయేవి. నాకు ఆశ కలిగించినవి రెండున్నాయి. ఒకటి క్లాస్కోటెరోన్. డీహెచ్‌టీ తాళంచెవి అయితే, ఇది కుదురు దగ్గరే ఆ తాళం కప్పను మూసేస్తుంది. తలకు రాసేది కాబట్టి ఒంట్లో హార్మోన్ల జోలికి పెద్దగా పోకూడదని ఉద్దేశం. దీన్నే తక్కువ మోతాదులో మొటిమలకు వాడటానికి అమెరికాలో 2020లో అనుమతి ఇచ్చారు. రెండోది పీపీ405. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాస్త్రవేత్తల పరిశోధన నుంచి వచ్చింది. బట్టతలలో కూడా కుదుళ్ల మూలకణాలు చచ్చిపోవు, నిద్రపోతాయి. వాటి శక్తి వినియోగ పద్ధతిని మార్చి లేపాలని ప్రయత్నం.

ఇక్కడే మా ఫిజిక్స్ మాస్టారు గుర్తొస్తారు. లోలకం ప్రయోగంలో నేను ఒక్కసారి లెక్కపెట్టి జవాబు రాసేస్తే, నోటుబుక్కు వెనక్కి ఇచ్చి, 'మూడు రీడింగులు తియ్యి, తర్వాత సంతోషపడు' అనేవారు.

మొన్న డిసెంబరులో క్లాస్కోటెరోన్ తయారీదారు కాస్మో, 1,465 మంది మీద జరిపిన రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు ప్రకటించింది. ఉత్తుత్తి మందుతో పోలిస్తే ఒకదానిలో 539 శాతం, రెండోదానిలో 168 శాతం మెరుగుదల. పేపర్లు 539నే పెద్దక్షరాల్లో వేశాయి. ఒకే మందు, ఒకే పద్ధతి, మరి అంకెల మధ్య అంత దూరం ఎందుకు? ఈ శాతాలు ఉత్తుత్తి మందు ఫలితంతో పోల్చి కట్టినవి. అక్కడ రెండే వెంట్రుకలు పెరిగి, ఇక్కడ పన్నెండు పెరిగినా అది 500 శాతమే. అద్దంలో చూసుకునేవాడికి పన్నెండు పన్నెండే. మందు పనిచేస్తోందన్నది మంచి వార్తే. ఎంత పనిచేస్తోందన్నది ఆ అంకె చెప్పదు.

పీపీ405ను 78 మంది మీద చూశారు. జుట్టు బాగా పోయిన మగవాళ్లలో 31 శాతం మందికి ఎనిమిది వారాల్లో ఒత్తు 20 శాతం కన్నా ఎక్కువ పెరిగింది. ఉత్తుత్తి మందు రాసుకున్నవాళ్లలో ఒక్కరికీ పెరగలేదు. బాగుంది. కానీ మిగతా 69 శాతం మందో? ఎనిమిది వారాలు దాటాక? నా ఫ్యాక్టరీలో ఎనిమిది వారాలు నడిచిన బాయిలర్‌కు ఎవరూ సన్మానం చెయ్యరు.

ఈ అనుమానం ఊరికే రాలేదు. 2012లో అమెరికాలో ఒక బృందం బట్టతలలో ఒక పదార్థం ఎక్కువగా ఉందని కనిపెడితే, జవాబు దొరికిందని అందరూ అనుకున్నారు. దాన్ని అడ్డుకునే సెటిపిప్రాంట్ మాత్రను మనుషుల మీద పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగేమీ కనిపించలేదు. అదే 2012లో జపాన్‌లో వెంట్రుకల్లేని ఎలుకలకు కుదుళ్లు అమర్చి జుట్టు మొలిపించారు. ఎలుకలు అదృష్టవంతులు. ఆ జుట్టు ఇంకా మన తలల దాకా రాలేదు.

అందుకని కొత్త మందు వచ్చిందని వినగానే మావాడూ నేనూ నాలుగు ప్రశ్నలు వేసుకుంటున్నాం. దేనితో పోల్చి చెబుతున్నారు? ఎంతమంది మీద చూశారు? ఎన్నాళ్లు చూశారు? ఆపేస్తే ఏమవుతుంది?

మావాడి సంగతి చెప్పి ముగిస్తాను. అడ్వాన్సు పోయింది, తిరిగివ్వలేదు. చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆవిడ భూతద్దంతో చూసి, 'ఈ వయసుకు జుట్టు ఇంకా ఎంత పోతుందో తేలలేదు. ఇప్పుడే ముందు నాటితే, రేపు దాని వెనక ఉన్నది పోయి ముందున్నది దీవిలా మిగులుతుంది' అన్నారు. మందులు, వాటి ఇబ్బందులు వివరంగా చెప్పి, నిర్ణయం వాడికే వదిలారు. వాడు తలకు రాసే మందుతో మొదలుపెట్టాడు. నెలకోసారి ఒకే గోడ దగ్గర, ఒకే లైటు కింద ఫొటో తీస్తున్నాం. ఆరు నెలలయింది. నాకు తేడా కనిపిస్తోంది. వాడికి కనిపించట్లేదు. వాళ్లమ్మ ఏమీ చెప్పట్లేదు. మూడు రీడింగులు, మూడు రకాలు.

తిరిగొచ్చేటప్పుడు కారులో వాడికి క్షమాపణ చెప్పాను. 'జుట్టు సంగతి సరే నాన్నా, నువ్వు నవ్వకుండా ఉంటే చాలు' అన్నాడు.

పిల్లలూ, ఆ పద్యంలో బట్టతలవాడు నీడ కోరుకోవడంలో తప్పేమీ లేదు. పరుగెత్తే ముందు ఒకసారి పైకి చూసి ఉంటే బాగుండేది. మీ నాన్నలకు చెప్పండి, వాళ్లు నవ్వితే నా ప్రసంగం చూపించండి. టీచర్లకు నా మనవి, తరగతిలో ఎవరి తల గురించైనా పేరు పెట్టి పిలిస్తే ఆపండి. మన తెలుగు మాస్టారిలా తన తలను చూసి తాను నవ్వుకునే ధైర్యం పాతికేళ్లకే రాదు.

భోజనాల వేళయింది. బయట ఎండ బాగా ఉంది, మా బ్యాచ్‌వాళ్లంతా షామియానా నీడకు వెళ్లవచ్చు. పైన తాటిచెట్టు లేదు. నేను చూసే వచ్చాను.