"ఇంకా చదువేనా?"
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా మన సభలో పదవ తరగతిలోను, ఇంటరులోను మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను పిలిచి బహుమతులిస్తున్నాము. అది మంచి ఆచారం. ఆ పిల్లల్లో కొందరు డిగ్రీ దాటి, ఎం.ఏ., ఎం.ఎస్సీ. దాటి, పిహెచ్.డి.లో కూడా చేరుతున్నారు. చేరిననాడు అందరమూ సంతోషిస్తాము. ఆ తరువాత మూడేళ్ళు గడిచేసరికి, పెళ్ళిళ్ళలోనూ పండుగల్లోనూ ఆ పిల్లవాడు కనిపిస్తే మనం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంకా చదువేనా?" ఆ ప్రశ్నకు ఈ రోజు నాలుగు మాటలలో జవాబు చెప్పాలని నా ఉద్దేశం.

ఏమండీ, మిగతా చదువులకు పుస్తకం ఉంటుంది, పరీక్ష తేదీ ఉంటుంది. పిహెచ్.డి.కి ఆ రెండూ లేవు. ఇంతవరకు ఎవరూ రాయని పుస్తకాన్ని తానే రాయాలి. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం దీనికి కనీసం మూడేళ్ళు పడుతుంది, గరిష్ఠంగా ఆరేళ్ళు ఇస్తారు. తిరిగి రిజిస్టరు చేసుకుంటే మరో రెండేళ్ళ వరకు పొడిగించవచ్చు. గ్రంథం సమర్పించాక బయటి పరీక్షకులు ఇద్దరు చదవాలి, ఆపైన వైవా జరగాలి. కనుక ఐదేళ్ళు పట్టిందంటే మీ అబ్బాయి మొద్దబ్బాయి అయ్యాడని అర్థం కాదు. ఆ చదువు తీరే అంత.

మన గోదావరి గడ్డ మీద పుట్టిన ఒక మహానుభావుని సంగతి చెబుతాను. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదివి, 1920లలో అమెరికాలోని బోస్టను చేరారు. ఆ ప్రయాణానికి డబ్బు ఎక్కడిదంటారా? మామగారు పోగుచేసి ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. అక్కడికి వెళ్ళాక ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేస్తూ చదువుకున్నారు. 1925లో ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి, రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1930లో హార్వర్డ్‌లో పిహెచ్.డి. పొందారు.

ఇంతటితో కథ సుఖాంతమైందనుకుంటాము. కాలేదు. డాక్టరేటు వచ్చిన పదేళ్ళకు కూడా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళిపోయారు. అక్కడ ఆయన నడిపిన బృందమే హెట్రజాన్ అనే మందును వెలుగులోకి తెచ్చింది. బోదకాలు రాకుండా మన జిల్లాలలో ఇంటింటికీ తిరిగి పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. ఎక్కడో అమెరికాలో చేసిన పరిశోధన మన కాలువ గట్ల మీది ఇళ్ళకు వచ్చింది. అయితే దానికి ఒక ఇల్లు మూల్యం చెల్లించిందని కూడా మరువరాదు. భార్యను ఇక్కడ విడిచి వెళ్ళిన సుబ్బారావు గారు, 1948లో అక్కడే కన్నుమూసేవరకు తిరిగి రాలేకపోయారు.

ఈ జీవితంలో నాకు కనిపించే పాఠం ఏమంటే, పరిశోధన ఒక్కడు చేసే పనిలా కనబడుతుంది గాని, వెనుక ఒక మామగారు, ఒక ధర్మసంస్థ, ఓర్చుకున్న ఒక ఇల్లు ఉండాలి. తెలివి ఉండీ, ఈ ఆసరా లేక చివరి మెట్టు మీద ఆగిపోయేవారి కోసమే నేను మాట్లాడుతున్నాను.

మన సంగతి చూడండి. పేరున్న కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒక్కరు, పి.జి. స్థాయిలో 50 మందికి ఒక్కరు మాత్రమే ముస్లిం విద్యార్థి అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. మెట్టు ఎక్కేకొద్దీ మనవాళ్ళు సగానికి సగం తగ్గిపోతున్నారన్నమాట. 2009లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ కొంత అండగా ఉండేది. 2022-23 నుంచి దానిని నిలిపివేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబరులో లోక్‌సభలో ప్రకటించింది. కనుక కొత్తగా చేరే పిల్లలు నెట్ పరీక్ష రాసి జె.ఆర్.ఎఫ్. తెచ్చుకోవడానికి గట్టిగా ప్రయత్నించాలి. 2023 జనవరి నుంచి అది నెలకు 37,000 రూపాయలు అయింది. అది రానివారికి చివరి ఏడాది చాలా కష్టమవుతుంది. గదికి అద్దె కట్టాలి, గ్రంథం టైపు చేయించాలి, ఇంటి దగ్గర తమ్ముడి ఫీజు కూడా ఉంటుంది. "ముందు ఏదో ఒక ఉద్యోగంలో చేరు, తరువాత రాసుకోవచ్చులే" అంటాం. ఆ తరువాత అనేది చాలామందికి రాదు.

విద్యార్థులకు రెండు మాటలు. నాయనా, అంతా చదివాక రాద్దామని కూర్చోవద్దు. రోజుకు ఒక పేజీ రాయండి, బాగోకపోయినా సరే. రాసినది గైడుగారికి చూపించండి. చూపించడానికి సిగ్గుపడి నెలల తరబడి మొహం చాటేయడం వల్లనే సగం చిక్కులు వస్తాయి. ఆయన చెప్పినది తేదీ వేసి కాగితం మీద పెట్టుకోండి. ఆరు నెలలకొకసారి సలహా కమిటీ ముందు పని చూపించే నియమం మీ మేలు కోసమే అనుకోండి. గ్రంథం లోకాన్ని మార్చనక్కరలేదు. ఒక చిన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెబితే చాలు.

ఇక ఆడపిల్లల సంగతి. నిఖా కుదరగానే చదువు ఆపించడం మన ఇళ్ళలో ఇంకా ఉంది. తల్లిదండ్రులు ఒక విషయం తెలుసుకోవాలి. అదే 2022 నిబంధనలు మహిళలకు మరో రెండేళ్ళ అదనపు గడువు ఇచ్చాయి. ప్రసూతికి, బిడ్డ సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు ఇచ్చాయి. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళవలసి వస్తే, షరతులకు లోబడి, అక్కడి విశ్వవిద్యాలయానికి పరిశోధన సమాచారాన్ని మార్చుకునే వీలు కూడా కల్పించాయి. చట్టం దారి ఇచ్చింది, ఇక ఇవ్వవలసింది అత్తవారిల్లు. సంబంధం మాట్లాడేటప్పుడు మెహర్ గురించి మాట్లాడుకున్నట్టే, అమ్మాయి పరిశోధన పూర్తి చేసే మాట కూడా పెద్దల ఎదుట మాట్లాడుకోండి.

డాక్టరేటు చేతికి వచ్చాక మొదటి కొలువు మరో పరీక్ష. యు.జి.సి. 2023 జూలైలో అసిస్టెంటు ప్రొఫెసరు నియామకానికి నెట్, సెట్ పరీక్షలను కనీస అర్హతగా చేసి, పిహెచ్.డి.ని ఐచ్ఛికం చేసింది. కాబట్టి పరిశోధన సాగుతుండగానే నెట్ గాని, ఆంధ్రా విశ్వవిద్యాలయం నిర్వహించే ఏపీసెట్ గాని గట్టెక్కడం క్షేమం. బి.సి.-ఇ ధ్రువపత్రాలు ముందే సరిచూసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉన్న వర్గం కేంద్ర జాబితాలో లేకపోవచ్చు. మొదట్లో గెస్టు లెక్చరరుగానో, కాంట్రాక్టు మీదనో పని దొరుకుతుంది. వారమంతా పాఠాలు, చాలని జీతం. అప్పుడు "డాక్టరు అయి ఏం లాభం?" అనే మాట ఇంట్లో నుంచే వస్తుంది. దయచేసి ఆ మాట అనకండి. ఆ రెండు మూడేళ్ళు ఓర్చుకుంటే, ఒకటి రెండు వ్యాసాలు ప్రచురించుకుంటే, దారి దొరకడానికి అవకాశం పెరుగుతుంది. అధ్యాపకత్వమే దొరకాలని కూడా లేదు. సుబ్బారావు గారి పెద్ద పనులు విశ్వవిద్యాలయం బయటే కదా జరిగాయి.

మన సొసైటీ ఏం చేయగలదు? మూడు పనులు మనవి చేస్తున్నాను. ఒకటి, చివరి ఏడాదిలో ఉన్న విద్యార్థికి వడ్డీ లేని చేబదులు ఇవ్వడం. నిజంగా అవసరంలో ఉన్నవారికి జకాత్ నిధి వర్తిస్తుందా అని ఉలమాలను అడిగి నిర్ణయించుకోవచ్చు. రెండు, రాజమహేంద్రవరంలో ఒక నిశ్శబ్దమైన గది, నాలుగు బల్లలు, దీపం, ఫ్యాను ఏర్పాటు చేయడం. ఇరుకు ఇంట్లో పదిమంది మధ్య గ్రంథం రాయడం కష్టం. మూడు, పిహెచ్.డి. పూర్తిచేసినవారు ఏడాదికి రెండుసార్లు కొత్తవారితో కూర్చోవడం. దరఖాస్తు ఎలా పెట్టాలి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు అనేవి తెలిసినవారు చెబితేనే తెలుస్తాయి.

పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారు తెలుగులో కావ్యాలు, నాటకాలు రచించి పండితుల మన్ననలు పొందారు. విద్వత్తు మన ఇళ్ళకు కొత్త కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లో మొదట అవతరించిన మాట ‘ఇఖ్రా’, అంటే చదువు అని. ఆ ఆజ్ఞకు వయసు గడువు పెట్టలేదు.

ఇకమీదట ఆ పిల్లలు కనిపించినప్పుడు "ఇంకా చదువేనా?" అని కాక, "ఎంతవరకు వచ్చింది? మావల్ల కావలసినదేమైనా ఉందా?" అని అడుగుదాము. అల్లాహ్ మన పిల్లల శ్రమను ఫలింపజేయుగాక.  ఖుదా హాఫిజ్.