పసిబిడ్డ కాలి బొటనవేళ్లు



సోదరులారా! మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ పలుకుతాము. ఏడవ రోజున అఖీఖా చేసి, తల వెంట్రుకలు తీయించి, పేరు పెడతాము. వచ్చిన బంధువులంతా ముఖం చూసి తండ్రి పోలికా తల్లి పోలికా అని తేల్చుకుంటారు. పాదాలను పరిశీలనగా చూసేవారు అరుదు. నేడు ఆ పాదాల గురించే, అందులోనూ బొటనవేళ్ల గురించే మాట్లాడదలచాము.

ఫైబ్రోడిస్ప్లాసియా ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా అనే జన్యువ్యాధి ఒకటున్నది. పేరు పలకడం కష్టం. వైద్యులు కూడా ఎఫ్.ఓ.పి. అనే అంటారు. ఈ వ్యాధి ఉన్నవారి కండరాలు, స్నాయువులు క్రమంగా ఎముకగా మారిపోతాయి. మెడ, భుజాలు, వీపు ముందుగా బిగుసుకుంటాయి. తరువాత తుంటి, మోకాళ్లు. దవడ కూడా పట్టుకుపోవచ్చు. నాలుక, కంటి కండరాలు, గుండె మాత్రం ఎముకగా మారవు. శరీరమంతా బిగుసుకుపోయిన మనిషి నాలుకపై కలిమా, హృదయంలో స్మరణ నిలిచి ఉండడాన్ని ఆలోచించినవారికి అల్లాహ్ కారుణ్యం కనిపించకపోదు.

ఇది 10 లక్షల నుంచి 20 లక్షల మందిలో ఒకరికి వస్తుందని అంచనా. ప్రపంచమంతటా గుర్తించబడినవారు సుమారు 900 మందే. 2011 జనగణన నాటికే రెండు తెలుగు రాష్ట్రాల జనాభా ఎనిమిదిన్నర కోట్లకు చేరువలో ఉన్నది. ఆ లెక్కన మన మధ్య కూడా కొన్ని పదుల మంది ఉండాలి. వారిలో ఎందరికి తమ వ్యాధి పేరు తెలుసు?

పేరు తెలియకపోవడమే ఇక్కడ పెద్ద ప్రమాదం. పుట్టుకతోనే రెండు కాళ్ల బొటనవేళ్లు పొట్టిగా, లోపలివైపు వంగి ఉండడం దీని ఆనవాలు. చాలామందిలో మొదటి పదేళ్లలోపు వీపుపైనో, మెడపైనో, తలపైనో గట్టి వాపులు లేస్తాయి. వాటిని చూసి క్యాన్సర్ గడ్డ అనుకొని ముక్క కోసి పరీక్షకు పంపుతారు. ఆ కోత పడినచోటనే కొత్త ఎముక పెరుగుతుంది. పెరిగిన ఎముకను శస్త్రచికిత్సతో తీసివేసినా అంతకు మించి మళ్లీ పెరుగుతుంది. 2005లో 138 మంది రోగులపై వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం వారిలో 87 శాతం మందికి మొదట తప్పు నిర్ధారణే జరిగింది. 67 శాతం మందికి అనవసరంగా ముక్క తీశారు. దాదాపు సగం మంది ఇటువంటి చికిత్సల వల్లనే శాశ్వతంగా కదలికను పోగొట్టుకున్నారు. బిడ్డను గాయపరచాలని ఏ వైద్యుడూ కోరుకోడు. ఎవరూ కాలివేళ్ల వైపు చూడలేదు, అంతే.

వైద్యం చేయించుకోవాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఈ వ్యాధిలో కత్తిని ఆపడం కూడా వైద్యమే. వంగిన బొటనవేళ్లతో పాటు వాపు కనిపిస్తే గట్టిగా నూనె మర్దన చేయించవద్దు, కట్టు కట్టే వారి వద్దకు తీసుకుపోయి కీళ్లు లాగించవద్దు. కండరంలోకి ఇచ్చే ఇంజెక్షను, పంటి వైద్యంలో దవడకు ఇచ్చే మత్తు సూది, చివరకు ఒక చిన్న పడిపోవడం కూడా వాపును రేపవచ్చు. టీకాల విషయం వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఈ మాట విని ఆరోగ్యవంతులైన పిల్లలకు టీకాలు మానిపించేవారు మాత్రం పెద్ద అన్యాయం చేసినవారవుతారు. వేలు వంకరగా ఉన్న ప్రతి బిడ్డకూ ఈ వ్యాధి ఉన్నదని భయపడనూ వద్దు.

ఇక నింద. ఇటువంటి బిడ్డ పుడితే మన సమాజంలో ముందుగా తల్లినే అడుగుతారు: గ్రహణం నాడు బయటికి వచ్చావా, కత్తి పట్టావా అని. దైవప్రవక్త (సఅసం) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ప్రజలు ఆ రెంటినీ ముడిపెట్టగా, ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణం పట్టదని ఆయన స్పష్టం చేశారు. తన బిడ్డను పోగొట్టుకున్న రోజున కూడా మూఢనమ్మకాన్ని సాగనివ్వని ప్రవక్త అనుచరులము మనము! 2006లో శాస్త్రజ్ఞులు ఈ వ్యాధికి మూలం ఎ.సి.వి.ఆర్.1 అనే జన్యువులోని మార్పు అని కనుగొన్నారు. చాలా సందర్భాలలో ఆ మార్పు తల్లిలోనూ ఉండదు, తండ్రిలోనూ ఉండదు. బిడ్డలోనే కొత్తగా ఏర్పడుతుంది. మేనరికం వల్ల వచ్చేదీ కాదు.

పూర్తిగా నయంచేసే మందు లేదు. కొత్త ఎముక పెరుగుదలను కొంత తగ్గించే పాలోవరోటీన్ అనే మందుకు 2023లో అమెరికా ఆమోదం తెలిపింది. మన దేశంలో అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో వచ్చింది. దాని కింద గుర్తించబడిన కేంద్రాలలో హైదరాబాదులోని నిమ్స్ ఉన్నది. అనుమానం కలిగిన తల్లిదండ్రులు, ఏ కోతకూ ఒప్పుకొనే ముందు, అటువంటి చోట జన్యు వైద్యుని కలవాలి.

రుకూకు వంగలేనివారు, సజ్దా చేయలేనివారు కూర్చొని, అదీ కాకుంటే పడుకొని సైగలతో నమాజు చేసే వెసులుబాటు షరీఅత్ ఇచ్చింది. కాబట్టి అటువంటి యువకుడు మస్జిదుకు వస్తే ఎందుకు వంగవని ప్రశ్నించకండి. సఫ్ చివర, ద్వారానికి దగ్గరగా అతనికి కుర్చీ వేయించండి. జుమా ముగియగానే చెప్పుల కోసం మనము తోసుకునే తోపులాటలో అతను పడిపోకుండా ఇద్దరు పక్కన నిలబడండి. పండుగ నాడు అతన్ని ఆలింగనం చేసుకోబోయే ముందు చేయి చాపి ఆగండి; ఎంతవరకు కదలగలడో అతనే చెబుతాడు.