ట్యాబు కన్నా ముందు ప్రశ్న

తరగతికి ట్యాబులు వచ్చినంత మాత్రాన చదువు మారదు; పిల్లల ముందు పెట్టే ప్రశ్న మారాలి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969 నుంచి వైద్య విద్యార్థులకు రోగి సమస్యతోనే చదువు మొదలుపెట్టింది. అలాగే నల్గొండ జిల్లా బడిలో “మన బోరు నీళ్లు తాగొచ్చా?” అని అడగవచ్చు. పిల్లలు వీధివీధినా నీళ్లు పట్టి, కిట్‌తో ఫ్లోరైడ్ పరీక్షించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన బోర్లను ఫోన్ మ్యాపులో గుర్తిస్తారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతి అప్పుడు వాళ్లకు అక్కరకొచ్చే రసాయన శాస్త్రమవుతుంది.

పిల్లలను వాళ్ల మానాన వదిలేస్తే ఏం నేర్చుకుంటారని కొందరి అభ్యంతరం. నిజమే, విద్యా పరిశోధకులు కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో వాదించిందీ అదే. అందుకే టీచరు ముందు గాఢత గురించి చెప్పాలి, మధ్యలో కొలతలు సరిచూడాలి. సిలబస్ వెనకబడుతుందంటారా? గాఢత, సగటు, గ్రాఫు సిలబస్‌లోవే కదా!