శిక్ష చాలలేదనే హక్కు ఎవరిది?



ఈ సభలో ఏడాది పరిశోధనలను సమీక్షించడం అధ్యక్షుడికి ఆనవాయితీ. ఆ పని సావనీరు సంపాదకులు నాకన్నా బాగా చేశారు. నేను ఈ రంగంలోకి వచ్చిన నాటి నుంచీ తగువుపడుతున్న ప్రశ్ననే మళ్ళీ ఎత్తుకుంటాను: శిక్ష చాలలేదనే హక్కు ఎవరిది?

నిన్నటి గోష్ఠిలో ఒక విశ్రాంత పోలీసు అధికారి, ‘మేం ప్రాణాలకు తెగించి పట్టుకొస్తే జడ్జీలు జాలిపడి వదిలేస్తున్నారు’ అన్నారు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆయన ఆవేదన అర్థం చేసుకోగలను. చప్పట్లు కొట్టిన న్యాయశాస్త్ర అధ్యాపకులే నాకు అర్థం కాలేదు. సీఆర్‌పీసీ 377 వారు పాఠం చెప్పేదే కదా! శిక్ష తక్కువైందని అప్పీలుకు వెళ్ళమని పబ్లిక్ ప్రాసిక్యూటరును ఆదేశించాల్సింది ప్రభుత్వం. ఆ అధికారం ఎస్సైకీ లేదు, ఎస్పీకీ లేదు. పైగా ఆ అప్పీలులో ముద్దాయి తనను నిర్దోషిగా వదలమనీ వాదించుకోవచ్చు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త సంహితలో 418వ సెక్షనూ ఇదే. బాధితులకు సైతం ఈ దారి లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. బాధితులకు లేకపోవడం అన్యాయమే అంటాను. పోలీసులకు లేకపోవడం సబబు. సరుకు తెచ్చినవాడి చేతికే తక్కెడ ఇవ్వకూడదు.

శిక్ష పెంచమని ప్రభుత్వం పై కోర్టుకు వెళ్ళే దారి మూసుకుపోయిందనీ అనలేం. ఒక అత్యాచారం కేసులో పదేళ్ళ శిక్షను మన హైకోర్టు నాలుగేళ్ళకు తగ్గిస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఢిల్లీ దాకా వెళ్ళింది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని ఏడేళ్ళు చేసింది. ప్రెస్‌మీట్ పెట్టి జడ్జిని ఆడిపోసుకుంటే ఒక్క రోజు శిక్షయినా పెరిగేదా?

శిక్షలను లెక్కగట్టే అమెరికా గళ్ళ పట్టికే జడ్జీల మెతకదనానికి మందని మరికొందరు మిత్రులు పుస్తకాల మీద పుస్తకాలు రాస్తున్నారు. మలిమత్ కమిటీ 2003లో శిక్షలకు మార్గదర్శకాలు అడిగిన మాట నిజమే. అయితే 1987 నుంచి అమెరికా ఫెడరల్ జడ్జీల చేతులు కట్టేసిన ఆ పట్టికను 2005లో అక్కడి సుప్రీంకోర్టే సలహా స్థాయికి దించింది. ఈ 2005 సంగతి వారి పుస్తకాల్లో ఏ అధ్యాయంలో ఉందో వెతికి అలసిపోయాను.

మనమూ 2013లో అత్యాచార నేరానికి కనీస శిక్షకన్నా తగ్గించే వెసులుబాటు తీసేశాం. దాంతో విచక్షణ పోయిందనుకోకండి, కోర్టు నుంచి పోలీసు స్టేషనుకు మకాం మార్చింది. జడ్జి తగ్గిస్తే కారణాలు రాయాల్సి వచ్చేది, అవి నిలవకపోతే పై కోర్టు కొట్టేసేది. స్టేషన్‌లో ఏ సెక్షన్ రాశారో, ఏది వదిలేశారో, ఎందుకో అడిగేవాడెవడు? చార్జి ఖరారు చేసేది కోర్టే అంటారు. దాని ముందుకు వచ్చే సాక్ష్యం పోలీసులు పోగుచేసిందేగా!

జూనియరుగా సెషన్స్ కోర్టులో కూర్చున్న రోజులు గుర్తొస్తున్నాయి. నేరం రుజువైందనగానే, ‘శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా?’ అని జడ్జిగారు అడిగేవారు. ‘ముసలితల్లి ఉంది బాబూ, పిల్లలు చిన్నవాళ్ళు’ అనేవాడు ముద్దాయి. ఆ మాట అంతకుముందే టైపైపోయిందేమో అనిపించేది. శిక్షపై ముద్దాయిని వినడం ఉత్త లాంఛనం కాదని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. 1958 చట్టం కింద ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకునే వీలుంది. 2024 జూలై నుంచి చిన్న నేరాలకు సమాజసేవ కూడా శిక్షే. ఇన్ని ఉండీ, శిక్ష తగ్గినా పెరిగినా ‘నేర తీవ్రత దృష్ట్యా’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టే తీర్పులు ఎన్ని చదివానో! జడ్జీల మీద నా ఫిర్యాదు వారి మెతకదనం గురించి కాదు, ఈ పొదుపు గురించి.

సుప్రీంకోర్టు తీర్పుల మీద మన దగ్గర పత్రాలు గుట్టలుగా ఉన్నాయి. మేజిస్ట్రేటు కోర్టుల్లో శిక్ష ఎలా పడుతోందో చూసినవారు లేరు, ప్రొబేషన్ నివేదికలు తెరిచినవారు అంతకన్నా లేరు. యువ పరిశోధకులకు నా విన్నపం: వచ్చే సభకు మీ మీ జిల్లా కోర్టుల తీర్పుల్లోంచి శిక్ష విధించిన పేరాలు పోగుచేసి తీసుకురండి. అవి మన ముందుకు వచ్చేదాకా జడ్జీలు మెత్తబడ్డారని ఈ వేదిక మీద ఎవరూ పత్రం చదవవద్దు.